‘నాన్న మళ్ళీ అదే చెప్తున్నాడు’ అన్న పాప

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాకు ఏడేళ్ళ పాప. రెండో తరగతి. మొన్న ఎండల్లో ఫ్రిజ్ నీళ్ళు స్టీలు గ్లాసులో పోసిస్తే, గ్లాసు బయట పట్టిన తడి చూసి "అమ్మా, ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అంది. చల్లగా ఉంది కదా, అందుకని అన్నాను. "చల్లగా ఉంటే నీళ్ళెందుకొస్తాయి?" అంది. మావారు ఫోన్‌లో వెతికి "గాలిలోని నీటి ఆవిరి సాంద్రీకరణం చెందడం వల్ల" అని చదివారు. సాంద్రీకరణం అంటే ఏంటంది. ఆవిరి నీళ్ళవడం అన్నారు. "నాన్న మళ్ళీ అదే చెప్తున్నాడు" అని మొహం ముడుచుకుంది. ఆఖరికి తనే తేల్చేసింది: "మన కుండకున్నట్టే గ్లాసుక్కూడా కనపడని చిల్లులుంటాయి." మేం నవ్వాం, అది ఏడ్చింది. మా అత్తగారు "గ్లాసుకీ ఉక్కపోసిందే, చెమట పట్టింది" అంటే మాత్రం ఊరుకుంది. బడిలో కూడా ఇంతేనట. ఎదురు ప్రశ్నలేస్తోందని టీచర్ కబురు చేశారు. వీడియోలో ఏం చెప్పినా నమ్ముతుంది, మేం చెబితే మాత్రం వంద అడుగుతుంది. నేను ఇంటర్‌లో సీఈసీ చదివాను. తెలిసీ తెలియకుండా చెప్పి తప్పు నేర్పుతానేమోనని భయం. అత్తగారి కబుర్లు ఆపించాలా? దీన్ని కాస్త ఊరుకోమనాలా? — ఒక తల్లి, బాపట్ల జిల్లా

సమాధానం:

అమ్మా,

ముందు పాపను దగ్గరికి పిలిచి, "కుండ సంగతి నువ్వు చెప్పింది నిజమేనే" అనండి. ఆలోచించి చెప్పినదానికి ఇంట్లోవాళ్ళు నవ్వితే ఏ వయసువాళ్ళకైనా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

నిజంగానే ఆ పిల్ల వేసిన లెక్క చూడండి. ఇంట్లో కుండ ఉంది. దాని ఒంటిమీద ఎప్పుడూ తడే. ఆ తడి లోపలి నీళ్ళే. మట్టిలోని సన్నటి రంధ్రాల్లోంచి ఊరి బయటికొస్తాయి, గాలికి ఆవిరైపోతూ కుండలోని వేడిని కొంత పట్టుకుపోతాయి. కుండనీళ్ళు చల్లబడేది అందుకే. మీ అత్తగారికి ఇది ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. కుండ పాతబడితే ఆ రంధ్రాలు పూడుకుపోయి నీళ్ళు మునుపటంత చల్లబడవు కాబట్టే ఎండలు ముదిరేలోగా కొత్త కుండ తెచ్చుకుంటారు. మీ పాప కుండనూ గ్లాసునూ చూసింది. రెండింట్లోనూ చల్లటి నీళ్ళు, రెండింటికీ బయట తడి. ఒకదానికి కారణం తనకు తెలుసు, దాన్నే రెండోదానికి పెట్టి చూసింది. తప్పిందల్లా ఒక్కచోట: మట్టికున్న రంధ్రాలు స్టీలుకు లేవు. ఆ ఒక్కటీ మాటలతో తేల్చేది కాదు, గ్లాసుతోనే తేల్చాలి. ఎలాగో చివర రాస్తాను.

ఈ లెక్క మీ పాప ఒక్కతే వేసింది కూడా కాదు. న్యూజిలాండ్‌లో ఆస్‌బర్న్, కాస్‌గ్రోవ్ అనే పరిశోధకులు ఐసుముక్కలు వేసి మూత బిగించిన సీసాను పిల్లల ముందు పెట్టి, బయటి నీళ్ళు ఎక్కడివని అడిగారు. 1983లో దాన్ని ప్రచురించారు. ఎనిమిదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ దాకా ఉన్న పిల్లలు వాళ్ళు. నీళ్ళు గాజులోంచే వచ్చాయన్నవాళ్ళున్నారు. చల్లదనమే బయటికొచ్చి నీళ్ళయిందన్నవాళ్ళున్నారు. ఇంకాస్త పెద్ద పిల్లలు, బడిలో హైడ్రోజన్, ఆక్సిజన్ పేర్లు విన్నవాళ్ళు, గాలిలోని ఆ రెండూ చల్లదనానికి కలిసి నీళ్ళయ్యాయన్నారు. చివరిది నాకు ఎక్కువ బాధ కలిగించే జవాబు. చదువుకున్న మాటలతో కట్టిన తప్పు అది, ఇంకా గట్టిగా కూర్చుంటుంది.

ఇక మీవారి సంగతి. ఆయన చదివిందాంట్లో తప్పు లేదు. పాప మొహం ముడుచుకోవడంలోనూ తప్పు లేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా సరిపోతాయో నాకు నేర్పింది ఏడో తరగతి చదివే ఒకమ్మాయి.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక హైస్కూల్లో ఇదే పాఠం చెప్తున్నాను. సోడాకొట్టు నుంచి రంపపు పొట్టులో చుట్టిన ఐసుగడ్డ తెప్పించి, పగలగొట్టి బీకరులో వేసి బల్లమీద పెట్టాను. కాసేపట్లో బీకరు బయట తడి పట్టింది. "ఎందుకు సార్?" అంది ముందుబెంచీ పిల్ల. బోర్డుమీద పెద్దక్షరాలతో ‘సాంద్రీకరణం’ అని రాసి కింద గీత గీశాను. "అంటే ఏంటి సార్?" "ఆవిరి నీరుగా మారడం." "ఎందుకు మారుతుంది సార్?" "చెప్పాను కదమ్మా, సాంద్రీకరణం వల్ల." గంట కొట్టారు. వరండాలో ఆ పిల్ల నా వెనకే వచ్చింది. గొంతులో ఎగతాళి ఏమీ లేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది: "మా అమ్మనడిగితే అదంతే అంది సార్. మీరు దానికి పేరు చెప్పారు."

ఆ ఏడాది అర్ధసంవత్సర పరీక్షలో అదే ఒక మార్కు ప్రశ్నగా ఇచ్చాను. క్లాసంతా ‘సాంద్రీకరణం’ అని రాసింది. అందరికీ మార్కు వేశాను. దిద్దుతున్నంతసేపూ ఆ పిల్ల మాటే చెవిలో. ముప్పయ్యేళ్ళు దాటినా ఇప్పటికీ అంతే.

పేరు పనికిరానిదని అనడం లేదు. పదిమందితో మాట్లాడాలంటే, పుస్తకంలో వెతుక్కోవాలంటే పేరు కావాలి. కానీ ‘ఎందుకు’ అని అడిగినవాళ్ళకు పేరిచ్చి పంపితే, అడిగినచోటే తిప్పి నిలబెట్టినట్టు. మీ పాప పట్టుకున్నది దాన్నే. పట్టుకోగలదా అంత చిన్నపిల్ల అని అనుమానం వస్తుంది కదా. అమెరికాలో కాథ్లీన్ కొరివో, కేటలిన్ కుర్కుల్ అనేవాళ్ళు ఇదే పరీక్షించి 2014లో రాశారు. మూడేళ్ళ, ఐదేళ్ళ పిల్లలకు ఇద్దరు మనుషుల్ని చూపించారు. వాన ఎందుకు పడుతుందంటే ఒకరు మబ్బుల్లో నీళ్ళు నిండి బరువెక్కుతాయి లాంటి కారణం చెప్తారు. ఇంకొకరు ఆకాశంలోంచి నీళ్ళు పడతాయి కాబట్టి అన్నట్టు, అడిగినదాన్నే తిరగేసి చెప్తారు. పిల్లలు కారణం చెప్పినవాళ్ళ వైపే మొగ్గారు. ఐదేళ్ళవాళ్ళయితే ఆ తర్వాత వేరే కొత్త సంగతి తెలుసుకోవడానికి కూడా ఆ మనిషినే ఎంచుకున్నారు.

అంతకుముందు, 2009లో, బ్రాండీ ఫ్రేజియర్, సూసన్ గెల్మన్, హెన్రీ వెల్మన్ చిన్నపిల్లల సంభాషణలు పరిశీలించారు. కారణం దొరికితే పిల్లలు తలాడించేవాళ్ళు, లేదా దాని మీద ఇంకో ప్రశ్న వేసేవాళ్ళు. దొరక్కపోతే మళ్ళీ అదే అడిగేవాళ్ళు, లేదా తామే ఒక కారణం అల్లుకునేవాళ్ళు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది. పాప అడిగింది. మళ్ళీ అడిగింది. ఎవరి దగ్గరా దొరక్కపోయేసరికి చిల్లుల సంగతి తనే కట్టుకుంది. మిమ్మల్ని విసిగించాలనే ఉద్దేశం దానికి ఏ కోశానా లేదు, ఖాళీగా ఉన్న చోటు పూడ్చుకుంటోంది.

ఈ పరిశోధనలు ఎక్కువగా అమెరికా పిల్లలతో, కొద్దిమందితో చేసినవి. మన పిల్లలందరికీ అంకెలతో సహా వర్తిస్తాయని నేను అనను. అయితే మనకు ఏడు చేపల కథ ఉంది. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చిందంటే ఆవు మేయలేదు, ఆవు ఎందుకు మేయలేదంటే పాలేరు మేపలేదు. ఆ కథలో ఒక్కరు కూడా ‘ఎండలేదు కాబట్టి ఎండలేదు’ అనరు. ప్రతి జవాబూ ఇంకొకరి గడప దగ్గరికి తీసుకెళ్తుంది, చీమ పుట్ట చేరేదాకా. మధ్యలో ఆవును వదిలేసి చెప్పి చూడండి, మూడేళ్ళ పిల్లవాడు కూడా ఆపి అడుగుతాడు. కారణానికి కారణం అందించుకుంటూ పోవడం మన పిల్లలకు అన్నం ముద్దలతో పాటే అలవాటవుతోంది. సైన్సు దగ్గరికొచ్చేసరికి మనమే ఆ వరస తెంపేస్తున్నాం.

కాబట్టి గ్లాసు సంగతీ ఆ వరసలోనే చెప్పండి. నేనైతే చీరతో మొదలుపెడతాను. "పొద్దున ఆరేసిన నా చీర సాయంత్రానికి పొడిగా అయిపోయింది కదా, అందులో నీళ్ళు ఎక్కడికి పోయాయి?" గాల్లోకి అంటుంది. "మరి కనపడవేం?" ఇక్కడ కాసేపు ఆగండి, తొందరేం లేదు. కనపడనంత చిన్న చిన్న నీటి కణాలుగా విడిపోయి తిరుగుతుంటాయని చెప్పండి. మీకు సముద్రం దగ్గర, అందుకే మీ గాలిలో ఈ నీళ్ళు చాలా ఎక్కువ. మీరు ఉక్కపోత అనేది దీన్నే, ఒంటిమీది చెమటను త్వరగా ఆరనివ్వదు. ఆ కణాలు వెచ్చగా ఉన్నంతసేపూ దేనికది విసురుగా తిరుగుతుంటాయి. చల్లటి గ్లాసుకు తగిలినవాటికి జోరు తగ్గుతుంది. జోరు తగ్గినవి ఒకదాన్నొకటి అంటిపెట్టుకుంటాయి. అలా కోటానుకోట్లు చేరితే మన కంటికి కనపడే చుక్క.

"ఎందుకు అంటిపెట్టుకుంటాయి?" అంటుంది. అనకపోతే ఆశ్చర్యపోతాను. నీటి కణాలకు ఒకదాన్నొకటి లాక్కునే గుణముంది, విసురుగా పోయేటప్పుడు ఆ లాగుడు చాలదు, నెమ్మదిస్తే చాలుతుంది. "ఆ గుణం ఎందుకుంది?" అంటే, "అక్కడిదాకే నాకు తెలుసమ్మా" అనండి. అది ఓటమి కాదు. మీరు నాలుగు మెట్లు నిజంగా ఎక్కించాక ఐదోమెట్టు దగ్గర ఆగారు. మొదటి మెట్టు దగ్గరే ‘సాంద్రీకరణం’ అని తలుపేసుకోవడానికీ దీనికీ తేడా ఆ పిల్లకు బాగా తెలుసు. ఇదంతా అయ్యాక, "దీన్నే పెద్దవాళ్ళు సాంద్రీకరణం అంటారు" అని చెప్పండి. అప్పుడు ఆ పేరు తగిలించుకోవడానికి ఒక కొక్కెం ఉంటుంది.

సీఈసీ చదివానని చిన్నబుచ్చుకోకండి. యేల్ విశ్వవిద్యాలయంలో రోజెన్‌బ్లిట్, కైల్ అనేవాళ్ళు 2002లో ఒక చిన్న పని చేశారు. జిప్పు, కుట్టుమిషను, టాయిలెట్ ఫ్లష్ లాంటివి ఎలా పనిచేస్తాయో మీకెంత తెలుసని అడిగి మార్కులు వేసుకోమన్నారు. తర్వాత కొన్నింటిని మెట్టుమెట్టుగా రాయమన్నారు. రాయబోయేసరికి చాలామంది తమ మార్కులు తామే తగ్గించుకున్నారు. తెలుసనుకోవడం వేరు, విడమరిచి చెప్పగలగడం వేరని అందరికీ ఒకసారి తగులుతుంది. కుక్కరు విజిల్ ఎందుకు వేస్తుందో మీవారిని పాపకు చెప్పమనండి. ఆవిరి వల్ల అనేదాకా సులువే. ఆ ఆవిరి విజిల్‌ను ఎలా ఎత్తుతుంది, ఎత్తిన విజిల్ మళ్ళీ ఎందుకు కూర్చుంటుంది అన్నచోట ఆయన కూడా ఒకసారి వంటింట్లోకి నడవాల్సిందే. ఇద్దరూ కలిసి నడిస్తే ఇంకా మంచిది.

తెలిసీ తెలియకుండా చెబితే తప్పు నేర్పుతానేమో అని అడిగారు. సగమే చెప్పడం తప్పు కాదు. సులువుగా ఉందని లేనిదాన్ని చెప్పడం తప్పు. నీటి కణాలు జోరు తగ్గి అతుక్కుంటాయన్నది సగమే, అయినా పై చదువుల్లో దాన్ని చెరపక్కర్లేదు, దాని మీదే కట్టుకుంటారు. అదే, ఎండాకాలం ఎందుకొస్తుందంటే సూర్యుడు మనకు దగ్గరకొస్తాడు కాబట్టి అని చెప్పామనుకోండి, వినడానికి ఎంతో ఒప్పుగా ఉంటుంది, పూర్తిగా అబద్ధం. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, మనం భోగిమంటలకు పాతచెక్కలు ఏరుకుంటూ చలికి వణికే రోజుల్లో. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు. ఋతువులకు కారణం భూమి ఒరిగి ఉండటం. ఒకసారి పడ్డ తప్పు ఎంత గట్టిదంటే, 1987లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులనూ, పూర్వ విద్యార్థులనూ, అధ్యాపకులనూ కలిపి 23 మందిని ఋతువుల గురించో చంద్రకళల గురించో అడిగితే, 21 మంది పొరపాటుగా చెప్పారు.

ఇక్కడొక సంగతి. మీరు ఎంత జాగ్రత్తగా చెప్పినా పాప తలలో అది అలాగే దిగదు. ఉన్నదానితో కలుపుకుంటుంది. దీనికి మన దగ్గరిదే ఒక ఉదాహరణ ఉంది. స్టెల్లా వొస్నియాడూ, విలియం బ్రూయర్ అనేవాళ్ళు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 60 మంది పిల్లల్ని భూమి గురించి అడిగి 1992లో ప్రచురించారు. భూమి ఎలా ఉంటుందంటే గుండ్రంగా అని చాలామందికి నోటికొచ్చు. బొమ్మ గీయమని, "అలా నడుచుకుంటూ చాలా రోజులు పోతే ఎక్కడికి చేరతావు?" అని అడిగితే అసలు సంగతి బయటపడింది. కొందరికి భూములు రెండు, ఆకాశంలో గుండ్రటిది ఒకటి, మనం నిలబడ్డ చదునుది ఇంకొకటి. కొందరికి భూమి బోలు బంతి, మనం లోపల అడుగున చదునుగా ఉన్నచోట ఉంటాం. తర్వాత వాళ్ళిద్దరూ సమరపుంగవన్ అనే ఇంకొకరితో కలిసి, హైదరాబాద్‌లో ఒకటో తరగతి, మూడో తరగతి పిల్లల్ని ఇలాగే అడిగి 1996లో రాశారు. ఇక్కడ నీళ్ళమీద తేలే భూమి ఎక్కువగా కనిపించింది. మన పిల్లలు పురాణంలో విన్నదాన్నీ బడిలో విన్నదాన్నీ పారేయకుండా రెండూ పొందికగా కుట్టుకున్నారన్నమాట. నాకు ఆ పిల్లల మీద ఎంత గౌరవమో చెప్పలేను. వాళ్ళు గుండ్రం అన్న మాటను బట్టీపట్టి వదిలేయలేదు, గుండ్రంగా ఉంటే కింద పడమా అన్న చిక్కును విప్పుకోవడానికే అంత తంటాలు పడ్డారు.

అందుకని చెప్పడం అయ్యాక తిరిగి చెప్పించండి. ‘అర్థమైందా’ అని అడక్కండి, ఆ మాటకు ఏ పిల్లయినా ఊ అంటుంది. "వెళ్ళి నానమ్మకు చెప్పు" అని పంపండి. మీ అత్తగారిని ఒకే ఒక్క ప్రశ్న వేయమనండి: "మరి నా వేడి కాఫీ గ్లాసుకు బయట తడి ఎందుకు పట్టదే?" దానికి పాప ఏం చెబుతుందో, తలలో ఏముందో అది.

మీ అత్తగారి కబుర్లు ఆపించవద్దు. మన భాషలో గ్లాసు చెమర్చిందనే అంటాం కదా, ఆవిడ కొత్తగా ఏమీ అనలేదు. ఒక్కటే చిక్కు: చెమట లోపల్నుంచి బయటికొస్తుంది, గ్లాసుమీది నీళ్ళు బయటనుంచి వచ్చి చేరతాయి. ఆ పోలికతో పాప చిల్లుల సిద్ధాంతానికి ఇంకో మేకు పడింది. "నానమ్మా, చెమటయితే ఉప్పగా ఉండాలిగా" అని నాలుకకు రాసి చూడమనండి, ఇద్దరూ తేల్చుకుంటారు. కథా కారణమూ ఒకే తలలో కాపురం చేయగలవు. దక్షిణాఫ్రికాలో క్రిస్టీన్ లెగార్, సూసన్ గెల్మన్ 2008లో రాసినదాని ప్రకారం అక్కడివాళ్ళు, పిల్లలే కాదు పెద్దవాళ్ళు కూడా, జబ్బుకు క్రిమినీ చేతబడినీ రెండింటినీ కారణంగా చెప్పారు. గ్రహణం రోజున రాహువు కథ వింటూనే చంద్రుడు అడ్డొచ్చాడని చెప్పగల పిల్లల్ని నేను బోలెడుమందిని చూశాను. ఒక్కచోట మాత్రం నేను రాజీపడను. జ్వరమొచ్చినప్పుడూ, పాము కరిచినప్పుడూ ఏం చేయాలో కథ చెప్పకూడదు, ఆసుపత్రి చెప్పాలి.

వీడియోలను నమ్మి మిమ్మల్ని నమ్మట్లేదని బాధపడ్డారు. నాకు అలా అనిపించడం లేదు. వీడియోను తిరిగి అడగడానికి వీల్లేదు, అందుకని అడగట్లేదు. మిమ్మల్ని అడిగితే మీరు పలుకుతారు. పిల్లలు ఎవరి మాట ఎంత నిలిచిందో లెక్క పెట్టుకుంటూనే ఉంటారు. మెలిస్సా కోనిగ్, పాల్ హారిస్ 2005లో చూపించారు: తెలిసిన వస్తువులకు తప్పు పేర్లు చెప్పిన మనిషిని, తర్వాత తెలియని వస్తువు దగ్గర నాలుగేళ్ళ పిల్లలు పక్కన పెట్టారు. అయితే హంగు చూసి మోసపోవడం కూడా ఉంది, అది పెద్దవాళ్ళకే తప్పలేదు. డీనా వైస్‌బర్గ్ బృందం 2008లో, పస లేని వివరణకు మెదడు గురించి నాలుగు శాస్త్రీయమైన మాటలు జోడిస్తే, ఆ విద్య తెలియని పెద్దవాళ్ళు అది మెరుగ్గా ఉందన్నారని రాసింది. ఆ మాటలకూ అడిగినదానికీ సంబంధమే లేదు. రంగురంగుల బొమ్మలు, గంభీరమైన గొంతు ముందు ఏడేళ్ళ పిల్ల ఎంత?

అందుకని వీడియో అయ్యాక ఫోను బోర్లించి ఒక ఆట ఆడండి. మా పాఠశాలల్లో నేను ఆడించేవాణ్ణి, ‘పేరా, కారణమా’ అని. "ఇనుము ఎందుకు తుప్పు పట్టింది? తుప్పు పట్టడం వల్ల." పేరు! "ఆకాశం నుంచి రాయి కిందికెందుకొచ్చింది? గురుత్వాకర్షణ." పేరు! "ఇడ్లీపిండి ఎందుకు పొంగింది? కనపడని సూక్ష్మజీవులు పిండి తిని గాలి వదిలాయి, ఆ బుడగలు పిండిలో ఇరుక్కున్నాయి." కారణం! వారం తిరిగేసరికి వీడియోనే కాదు, మిమ్మల్నీ నన్నూ కూడా పట్టుకుంటుంది. దానితోపాటు ఇంకోటి అడుగుతుండండి: "దీని సంగతి ఎవరికి బాగా తెలిసుంటుంది?" కుండ సంగతి కుమ్మరికి, ఫ్రిజ్ సంగతి మెకానిక్‌కు, సూది సంగతి నర్సుకు. ఎవరికేం తెలుసో అన్న ఆరా నాలుగైదేళ్ళకే మొదలవుతుందని లట్జ్, కైల్ 2002లో రాశారు. దాన్ని పెంచితే, ఫోనుకు అన్నీ తెలుసన్న నమ్మకం దానంతటదే సర్దుకుంటుంది.

టీచరు గారి సంగతి సున్నితమైనది. ఆవిడ చేతిలో ఒక పీరియడు, ముందు క్లాసు నిండా పిల్లలు, నెత్తిన సిలబసు. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. మీరు వెళ్ళి కలవండి, ఫిర్యాదులా కాకుండా. పాప ఇంట్లో కూడా ఇలాగే అడుగుతుందనీ, ఆవిణ్ణి కాదనాలని అడగట్లేదనీ చెప్పండి. పాపకు అడిగే తీరు నేర్పండి. "మీరు మళ్ళీ అదే చెప్తున్నారు" అనేది నిజమే అయినా ఎదుటివాళ్ళకు గుచ్చుకుంటుంది. "టీచర్, అది ఎలా జరుగుతుందండీ?" అంటే అదే ప్రశ్న, గుచ్చుకోదు. క్లాసులో వీలుకాకపోతే నోటుబుక్కు వెనక పేజీలో రాసుకుని ఇంటికి తెమ్మనండి. ఊరుకోమని మాత్రం అనకండి. ఊరుకోవడం పిల్లలు చాలా త్వరగా నేర్చుకుంటారు, నా క్లాసులో ఒక మార్కు కోసం నలభైమంది నేర్చుకున్నారు.

ఇక గ్లాసు. ఇక్కడ మీరు తక్కువ మాట్లాడాలి. ఎలిజబెత్ బోనవిట్జ్ బృందం 2011లో ఒక కొత్త బొమ్మ తయారుచేసి పిల్లలకిచ్చింది. కీచుమనడం దాని పనుల్లో ఒకటి, ఇంకా వేరేవి దాచి ఉన్నాయి. "ఇదిగో ఇలా పనిచేస్తుంది" అని కీచుమనడం ఒక్కటీ నేర్పి ఇస్తే, పిల్లలు అదొక్కటే చేస్తూ కూర్చున్నారు. ఏమీ నేర్పకుండా ఇస్తే మిగతావి కూడా వెతుక్కున్నారు. కాబట్టి ఏమవుతుందో ముందే చెప్పేయకండి. చేసేముందు ఏమవుతుందో పాపనే చెప్పమనండి.

మొదట అదే స్టీలు గ్లాసులో మామూలు నీళ్ళు, బిందెలోవి, పోసి పెట్టండి. చిల్లులుంటే వీటికీ తడి రావాలి. రాదు. "చల్లవాటికే చిల్లుల్లోంచి దారి దొరుకుతుందేమో" అనొచ్చు. సరే, రెండోది: చల్లటి నీళ్ళలో పసుపు కలిపి పోయండి. బయటి చుక్కల్ని తెల్లటి గుడ్డతో అద్దండి. పసుపు అంటదు. దీనికి కూడా జవాబుంటుంది మీ పాప దగ్గర: "పసుపు లోపలే ఆగిపోయి నీళ్ళే వచ్చాయి, టీ వడకట్టినట్టు." మంచి జవాబు, నేనయితే మెచ్చుకుంటాను. ఎండల్లో అనంతపురం వైపు చుట్టాలెవరైనా ఉంటే, మధ్యాహ్నం పూట ఫోన్‌లో వాళ్ళ చల్లనీళ్ళ గ్లాసు చూపించమనండి. అక్కడి పొడిగాలికి మీ దగ్గర పట్టినంత తడి పట్టదు. అదే నీళ్ళు, అలాంటి గ్లాసే. మారింది గాలి.

అన్నిటికంటే గట్టిది ఆఖరుకు ఉంచండి. ఖాళీ గ్లాసు, చుక్క నీళ్ళు లేనిది, ఫ్రిజ్‌లో ఓ అరగంట పెట్టి బయటికి తీయండి. మీ ఊరి ఉక్కలో చూస్తుండగానే మసకబారుతుంది, వేలితో గీస్తే గీత పడుతుంది. లోపల నీళ్ళే లేవు, బయట తడి ఉంది. పెట్టేముందు గ్లాసును లోపలా బయటా పాప చేతే పొడిగుడ్డతో తుడిపించి, బోర్లించి పెట్టమనండి. మీరు తుడిస్తే "అడుగున కొంచెం మిగిలిపోయుంటాయమ్మా" అంటుంది. అనాలి కూడా.